పాకాలలో పట్టుబడిన ప్యాచ్

కరెంటు పోవాలని కోరుకున్న మనిషి ఆ ఏడు తిరుపతిలో నేనొక్కణ్నే అయి ఉంటాను. బ్రహ్మోత్సవాల రోజులు. మామూలప్పుడు పూటకు రెండుసార్లు పోయే కరెంటు ఆ వారమంతా ఒక్కసారి కూడా పోలేదు. కొండ ఎక్కే జనం, కొండ దిగి తిరుచానూరు వెళ్లే జనం, వాళ్లకోసం వీధి వీధినా దీపాలు. నేను మా అద్దె ఇంటి ముందుగదిలో కంప్యూటర్ ఎదురుగా కూర్చుని, గోడకున్న బల్బు వైపు చూస్తూ పళ్లు కొరుక్కుంటున్నాను.

“ఊరంతా కరెంటు ఉండాదని సంబరపడతా ఉంటే, మీరొక్కరే దిగులు మొకం పెట్టుకోని కూర్చోనుండారు,” అంది మా ఆవిడ. ఆమెకు అది నవ్వులాటే. నాకు మాత్రం పది రోజుల గడువులో నాలుగు రోజులు అప్పటికే అయిపోయాయి.

ఆ గడువు సంగతి చెప్పాలి. అప్పట్లో నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ని. సాయంత్రాలు, సెలవులు మాత్రం లినక్స్‌కే. లినక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించేదే కానీ, ఒక కంపెనీ తయారుచేసి అమ్మే సరుకు కాదు. ఎక్కడెక్కడివాళ్లో రాసిన వేల ప్రోగ్రాముల్ని ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పేచీ పడకుండా సర్ది, సీడీల మీద ఇచ్చే బృందాలు ఉంటాయి. అలాంటి ఒక బృందంలో నేనూ ఒకణ్ని. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో బాధ్యుడు. ప్రోగ్రాము రాసేది వేరే మనిషి. దాన్ని మా సీడీకి తగ్గట్టు ప్యాకేజీగా కట్టడం, వాడేవాళ్ల ఫిర్యాదులు వినడం, అవసరమైతే ప్యాచ్‌లనే చిన్న చిన్న మార్పులు వేయడం బాధ్యుడి పని. జీతం లేదు. ప్యాకేజీ లోపల పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరు చూసుకుని నేనెంత మురిసిపోయేవాణ్నో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

నా చేతిలో ఉన్నది యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాము. కరెంటు పోయిందని యూపీఎస్ చెప్పగానే, బ్యాటరీ అయిపోయేలోగా ఫైళ్లన్నీ మూసి కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపేయాలి. అలా ఆపకముందే బ్యాటరీ అయిపోతే తెరిచి ఉన్న ఫైళ్లు పాడైపోతాయి. కరెంటు కోతల మధ్య పుట్టి పెరిగినవాడికి ఇంతకంటే తగిన ప్యాకేజీ ఏముంటుందని నేనే అడిగి మరీ తీసుకున్నాను.

అసలు ప్రోగ్రాము మహా పిరికిది. కరెంటు పోతే రెండు నిమిషాలు లెక్కపెట్టి కంప్యూటర్‌ను ఆపేసేది. మధ్యలో కరెంటు తిరిగొచ్చినా సరే, మొదలుపెట్టిన పని పూర్తిచేసే ఊరుకునేది. అర నిమిషం పోయి వచ్చే కరెంటుకు కూడా కంప్యూటర్ ఆగిపోతుంటే నాకు ఒళ్లు మండేది. మా దగ్గర కరెంటు పోతే ఎవరూ కూర్చున్న చోటినుంచి లేవరు. వస్తుందిలే అని విసనకర్ర అందుకుంటారు. ఆ అలవాటునే నేను ప్రోగ్రాములో రాశాను. కరెంటు తిరిగి వస్తే జరిగింది మరిచిపో, మళ్లీ పోయినప్పుడు లెక్క సున్నా నుంచి మొదలుపెట్టు. మొత్తం మూడు వరుసల ప్యాచ్.

దాన్ని ముందు ఆ ప్రోగ్రాము రాసిన మనిషికే పంపాను. ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, ఎప్పుడూ రెండు వాక్యాలకు మించి రాయడు. ‘తిరిగి వచ్చిన కరెంటు నిలబడుతుందని మీకు ఎవరు చెప్పారు? ఈ ప్యాచ్ నేను తీసుకోను,’ అని జవాబిచ్చాడు. నాకు కోపం నషాళానికి అంటింది. ఏడాదికొకసారి కరెంటు పోయే దేశంలో కూర్చుని నాకు కరెంటు గురించి పాఠం చెబుతాడా అనుకున్నాను. ఆయన వద్దన్న ప్యాచ్‌ను మా ప్యాకేజీలో నేనే వేసేశాను. బాధ్యుడికి ఆ అధికారం ఉంది. ఎందుకు వేశావని ఎవరూ అడగలేదు.

ఆ ప్యాచ్ ఉన్న సీడీలు విడుదలైన ఏడాదిన్నరకు ఒక డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. ఏదో కొండల దేశంలో చిన్న క్షయ ఆసుపత్రి నడుపుతోంది. రోగులు వారానికి మూడుసార్లు నడిచొచ్చి, ఆమె కళ్లెదుట మందు మింగి వెళ్లాలి. ఎవరు ఎన్నిసార్లు మింగారన్నది కంప్యూటర్లో రాసుకుంటుంది. కంప్యూటర్ దానంగా రాగానే కాగితం రిజిస్టరు మానేశారట. యూపీఎస్ ఉండి కూడా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయిందని, కొందరి వివరాలు పాడైపోయాయని రాసింది. నేను మా ఇంట్లో యూపీఎస్ తీగ పీకి చూశాను. రెండు నిమిషాలకు చక్కగా ఆగింది. ‘నా దగ్గర సరిగానే పనిచేస్తోంది. మీ బ్యాటరీ పాతదై ఉంటుంది, మార్పించుకోండి,’ అని రాసి ఫిర్యాదు మూసేశాను. ఆ పని నాకు ఐదు నిమిషాలు పట్టింది.

రెండు నెలల తరువాత ఆమె దాన్ని మళ్లీ తెరిచింది. కొత్త బ్యాటరీ వేయించానని, అయినా మళ్లీ అలాగే ఆరిపోయిందని, ఈసారి ఇంకా ఎక్కువమంది వివరాలు పోయాయని రాసింది. ‘ఆరిపోయేముందు చాలాసేపు దీపం తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది,’ అని కూడా రాసింది. ఆమెకు ఇంటర్నెట్ లేదు. వారానికోసారి కిందనున్న పట్టణానికి వెళ్లే మనిషి ఆమె ఉత్తరాలు పంపి, వచ్చినవి తెచ్చిస్తాడు. ఈలోగా దీపం ఊగితే చేత్తోనే కంప్యూటర్ ఆపేయమని కబురు పంపాను. కానీ ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా అది ఆమెను చేరేది కొత్త విడుదల సీడీల మీదే. మా విడుదల రెండేళ్లకొకటి.

ఆ విడుదల దగ్గరపడింది. దాన్ని చూసుకునే అతను నాకు కరాఖండిగా రాశాడు. పది రోజుల్లో కారణం కనిపెట్టి సరిచేస్తే సరి, లేకపోతే ఈ ప్యాకేజీని సీడీలోంచి తీసేస్తాం. తీసేస్తే ఆ డాక్టరమ్మకు, ఆమెలాగా ఉత్తరం రాయలేని ఇంకెందరికో రెండేళ్లపాటు యూపీఎస్ ఉన్నా లేనట్టే. లోపంతో అలాగే ఉంచితే ఇంకా ఘోరం.

తీగ పీకడం వేరు, కరెంటు చెడిపోవడం వేరని నాకు అప్పుడు అనుమానం తగిలింది. స్విచ్చి వేసి తీసి, వేసి తీసి చూశాను. పదిసార్లకే విసుగొచ్చింది, ఏమీ బయటపడలేదు. అసలైన చెడ్డ కరెంటు కావాలి. ఉత్సవాలు అయ్యేదాకా తిరుపతిలో అది దొరికే వస్తువు కాదు. ఐదో రోజు పొద్దున కాలేజీకి సెలవు పెట్టి, కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, యూపీఎస్‌ను గోనెసంచిలో వేసుకుని పాకాల రైలెక్కాను. మా నాయన అక్కడ సబ్‌స్టేషన్లో ఆపరేటరు. చుట్టుపక్కల ఊళ్లకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఆ స్విచ్చిల దగ్గర కూర్చునే మనిషి.

స్టేషన్లో దిగి నేరుగా ఆయన దగ్గరికే పోయాను. నాయన గోనెసంచి వైపు చూశాడు.

“ఏందిరా, బియ్యమా?”

“యూపీఎస్ నాయనా. నాకు చెడ్డ కరెంటు కావాల.”

ఆయన సంచి మూతి విప్పి చూశాడు. “మంచి కరెంటు ఇయ్యలేదని నన్ను తిట్టినోళ్లు ఉండారు గానీ, చెడ్డది కావాలని వచ్చినోణ్ని నిన్నే సూస్తా ఉండాను,” అన్నాడు. తరువాత గడియారం చూశాడు. “పదకొండుకు సేన్లకు త్రీఫేజు ఇస్తాను. అందురూ మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకోనుండారు. కరెంటు అందతానే అన్నీ ఒకే తూరి లేస్తాయి. ఇంటికి పోయి బల్బు సూడు, నీకే తెలస్తాది.”

మా ఇల్లు ఊరి చివర. చెరకు తోటల మోటార్లకు వెళ్లే లైనే మా ఇంటికీ వస్తుంది. కంప్యూటర్‌కు ఇంట్లో ఉన్న పాత మానిటరు తగిలించి, యూపీఎస్‌ను నేల మీద పెట్టి కూర్చున్నాను. పదకొండు కొట్టిందో లేదో బల్బు ఎర్రగా కుంచించుకుపోయింది. తేరుకుంది. మళ్లీ కుంచించుకుపోయింది. యూపీఎస్ లోపల టక్కుమని శబ్దం, ఒక నిమిషానికి మళ్లీ టక్కు. తెర మీద వరుసలు పడసాగాయి. కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో ఆపుతాను. కరెంటు వచ్చింది, ఆపను. కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో ఆపుతాను. కరెంటు వచ్చింది, ఆపను.

వరుస తరువాత వరుస చదువుతుంటే సంగతి అర్థమైంది. కరెంటు నిమిషంపైన పోతోంది, పది సెకన్లు వస్తోంది. పోయినప్పుడల్లా బ్యాటరీ కొంత ఖర్చవుతోంది, వచ్చిన పది సెకన్లలో అది నిండేది ఏమీ లేదు. లెక్క మాత్రం ప్రతిసారీ సున్నాకు వెళుతోంది. రెండు నిమిషాలు ఒక్కసారి కూడా నిండలేదు. ముప్పావు గంటకు యూపీఎస్ సన్నగా కూసి, తెర నల్లగా అయిపోయింది. ఏ ఫైలూ మూయలేదు, ఏదీ పద్ధతిగా ఆగలేదు. అసలు ప్రోగ్రాము అయితే మొదటి కుదుపుకే భద్రంగా ఆపేసి ఉండేది. పాడుచేసింది నా మూడు వరుసలే.

బ్యాటరీ మార్పించుకోండి అని రాసిన నా ఉత్తరమే కళ్లముందు కదిలింది. ఆమె దాన్ని నమ్మి, ఆ కొండల్లోకి కొత్త బ్యాటరీ మోయించుకుంది. ఆ బ్యాటరీ ధైర్యంతోనే మళ్లీ కంప్యూటర్లో రాసుకుంది. రెండోసారి పోయిన వివరాలు పూర్తిగా నా పాపమే.

ఆ మధ్యాహ్నమే కొత్త ప్యాచ్ రాశాను. కరెంటు వచ్చినంత మాత్రాన లెక్క మరిచిపోవద్దు. వచ్చిన కరెంటు ఐదు నిమిషాలు గట్టిగా నిలబడితేనే మరిచిపో. అంతవరకు బ్యాటరీ మీద గడిచిన ప్రతి సెకనునూ కూడుతూ పో. రాయడం తేలికే. అయితే విడుదల ముందు ఏ మార్పు పంపినా, చివరికి నా పాత ప్యాచ్‌ను పీకేసినా, అసలు పరిస్థితిలో పరీక్షించి చూశానని చెప్పాలి. ఒకసారి చూడకుండా పంపి నేను ఏం చేశానో తెలిసింది కదా. రేపు పదకొండుకు చూద్దామని బ్యాటరీ చార్జింగుకు పెట్టాను.

మర్నాడు పదకొండుకు కరెంటు రాలేదు. పన్నెండుకూ రాలేదు. సబ్‌స్టేషన్‌కు పరుగెత్తాను. చెరకు తోటల అవతల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. కొత్తది రావాలి, బిగించాలి. ఆరో రోజు అలా పోయింది. ఏడో రోజూ పోయింది. ఎనిమిదో రోజు ట్రాన్స్‌ఫార్మరు లారీ మీద వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. పదో రోజు సాయంత్రానికి నా ప్యాకేజీ అక్కడ చేరాలి, దాన్ని పంపాలంటే తిరుపతి నెట్ సెంటరుకు పోవాలి. లెక్క చూసుకుంటే నాకు మిగిలింది ఆ ఒక్క పదకొండు గంటలే.

పదిన్నరకు నాయన ముందు నిలబడ్డాను.

“లైన్‌మన్ పని అయిపోయినట్టే ఉండాది నాయనా. దావలో సూసినాను, స్తంభం మింద ఎవురూ లేరు. పదకొండుకు ఇచ్చెయ్.”

“నువ్వు సూసినావా?”

“సూసినాను.”

నాయన బల్ల మీదున్న పొడుగాటి పుస్తకం నా వైపు తిప్పాడు. లైన్ క్లియర్ పుస్తకం అది. పనికి వెళ్లేముందు లైన్‌మన్ అందులో సంతకం పెట్టి వెళతాడు. “ఆయప్ప దిగొచ్చి, ఈడ నా ఎదురుగా నిలబడి, లైను మింద ఎవురూ లేరని మళ్లా సంతకం పెట్టాల. అప్పుడే నా సెయ్యి స్విచ్చి మిందికి పోతాది. మా ఇంజనీరు వచ్చి అడిగినా అంతే, నువ్వు అడిగినా అంతే.”

“నాకు రేపటికి గడువు నాయనా. ఇది పోతే ఆ డాక్టరమ్మకు రెండేండ్లు ఏమీ ఉండదు.” నా గొంతు లేచింది. ఆయన మీద అరవాల్సిన పని లేదు, అయినా అరిచాను. అసలు కథంతా, మొదటి ప్యాచ్ దగ్గర్నుంచి, ఆ అరుపుల్లోనే చెప్పేశాను.

నాయన అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు.

“అది రాసినాయన వద్దన్న్యాడు గదా?”

“అన్నాడు.”

“నువ్వు ఆ మార్పు చేసేటప్పుడు లైను మింద ఎవురుండారో సూసినావా?”

ఆయన పుస్తకాన్ని మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. ఆ గదిలో మీటర్ల ముందు బెంచీ మీద కూర్చుని నేను తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. తండ్రి అన్న మాటకు ఏడుపొచ్చే వయసు కాదు నాది. అయినా కళ్లు తడిశాయి. నాయన చూడనట్టే ఉన్నాడు.

ఒంటిగంటకు లైన్‌మన్ వచ్చాడు. నేను చూసినప్పుడు అతను స్తంభం మీద లేని మాట నిజమే, తరువాతి స్తంభం మీద ఉన్నాడు. చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు. నాయన అతని మొహం చూసి, సంతకం చూసి, నాతో, “పదిహేను నిమిషాలు ఆగి ఇస్తాను, ఇంటికి పో,” అన్నాడు. లైన్‌మన్ సైకిలు అడిగి తీసుకుని తొక్కాను.

నాలుగు రోజులు నీళ్లు లేని తోటలు. మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. బల్బు ఎర్ర పుల్లలా అయిపోయింది. టక్కు, టక్కు. తెర మీద లెక్క ఈసారి వెనక్కి పోలేదు. ఎనభై సెకన్లు. కరెంటు వచ్చింది, పోయింది. తొంభై. నూట పది. నూట ఇరవై. ఫైళ్లు మూస్తున్నానని తెర మీద పడింది. ఒక్కొక్కటే మూసుకున్నాయి. కంప్యూటర్ తనంతట తాను, పద్ధతిగా ఆగింది. యూపీఎస్ బ్యాటరీ ఇంకా దాదాపు నిండుగానే ఉంది.

పదో రోజు పొద్దున బస్సు. ఉత్సవాలకు వెళ్లే జనంతో నిలబడ్డానికి కూడా చోటు లేదు. ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని, దాన్ని ఎవరూ నలపకుండా చేయి అడ్డం పెట్టుకుని ప్రయాణం చేశాను. ఊరి బయటే బస్సులు ఆపేశారు. అక్కడినుంచి నడిచి నెట్ సెంటరు చేరేసరికి మూడు దాటింది. ప్యాకేజీ ఎక్కుతోంది. దానితో పాటు ఒక వివరణ రాయాలి. లోపం ఏమిటి, ఎలా వచ్చింది, ఎలా సరిచేశారు.

నేను మొదట రాసిన వాక్యం ఇది: ‘అసలు ప్రోగ్రాములో కరెంటు లెక్కించే తీరులో లోపం ఉంది, సరిచేశాం.’ చదువుకుంటే ఎంత బాగుందో. ఎవరూ తవ్వి చూడరు. విడుదల చూసుకునే అతనికి వందల ప్యాకేజీలున్నాయి. నా పేరు నా పేరుగానే ఉంటుంది. ప్రోగ్రాము రాసినాయన అడిగితే చూసుకోవచ్చు. పంపే మీట మీద వేలు పెట్టి కూర్చున్నాను. సెంటరు ఓనరు వెనకనుంచి, “అయిందా సార్, జనం నిలబడుండారు,” అన్నాడు.

ఆ వాక్యాన్ని కొట్టేశాను. ధర్మాత్ముణ్ని కాబట్టి కాదు. అలా పంపితే నాయన ముందు మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోలేననిపించింది. ‘ఈ లోపం నా ప్యాచ్ వల్ల వచ్చింది. రచయిత వద్దన్నా నేనే వేశాను. మొదటి ఫిర్యాదును సరిగా పరీక్షించకుండా మూసేశాను. రెండోసారి జరిగిన నష్టానికి బాధ్యత నాదే,’ అని రాసి పంపాను. అదే మాట డాక్టరమ్మకు కూడా విడిగా రాశాను, కరెంటు రోజూ పోయే మా ఊళ్లోనే ఈసారి పరీక్షించి చూశానని చెప్పి, క్షమించమని అడిగాను. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

ప్యాకేజీ సీడీలో ఉండిపోయింది. రచయిత కొత్త ప్యాచ్ తీసుకున్నాడు, ఎప్పటిలాగే రెండు వాక్యాల్లో. ఇక అయిపోయిందనుకున్నాను.

నెలన్నర తరువాత డాక్టరమ్మ జవాబు వచ్చింది. సీడీలు అందాయని, దీపం ఊగినప్పుడు కంప్యూటర్ చక్కగా ఆగుతోందని రాసింది. దాని కింద ఇంకొక పేరా ఉంది. నేను ఇప్పటికీ దాన్ని మరిచిపోలేదు.

‘మా దగ్గరికి రెండు గంటలు నడిచి వచ్చే ఒక ఆమె ఉంది. ఆమె నాలుగు నెలలు మందు మింగింది. ఆ వివరాలు పోయాయి, ఆమె దగ్గరున్న చీటీ వానకు తడిసిపోయింది. ఎన్నిసార్లు మింగిందో ఆమెకూ గుర్తులేదు, మాకూ తెలియదు. అందుకని మందు మొదటినుంచి మళ్లీ ఇస్తున్నాం. ఎందుకిలా అయిందని అడిగితే, కంప్యూటర్ మరిచిపోయిందని చెబుతూ వచ్చాను. మీ ఉత్తరం వచ్చాక అది కంప్యూటర్ తప్పు కాదని, దూరదేశంలో ఒకాయన తన తప్పని ఒప్పుకున్నాడని చెప్పాను. ఆయన ఊళ్లో కూడా దీపం ఇలాగే పోతుంటుందా అని అడిగింది. రోజూ పోతుందట అన్నాను. అయితే ఆయనకు తెలిసే ఉండాలి కదా, అంది.’